ఆన్‌లైన్‌లో పరిచయమైన వ్యక్తి అసలా, నకిలీనా? తేల్చుకోవడం ఎలా?

నకిలీ ప్రొఫైల్ నడిపేవాళ్లు మొదటిరోజే డబ్బు అడగరు. వారాల తరబడి తీయగా మాట్లాడి మన ఒంటరితనం, ఇంట్లో గొడవలు, ఉద్యోగం కష్టాలు అన్నీ రాబడతారు. డబ్బు మాట ఎత్తేసరికి మన మనసే వాళ్ల తరఫున వాదిస్తుంటుంది. అందుకే కింది పరీక్షలన్నీ ఇష్టం ముదరకముందే, వీలైతే మొదటి వారంలోనే చేసేయాలి.

1. ఫొటోలు వెతకండి

ప్రొఫైల్‌లోంచి మూడు నాలుగు ఫొటోలు స్క్రీన్‌షాట్ తీసుకుని గూగుల్ లెన్స్‌లోనూ, టిన్‌ఐ (TinEye) అనే వెబ్‌సైట్‌లోనూ వెతకండి. టిన్‌ఐ అదే ఫొటో నెట్‌లో ఇంకెక్కడుందో చూపిస్తుంది. లెన్స్ దాన్ని పోలినవి కూడా చూపిస్తుంది. దొంగిలించిన ఫొటోను కుడిఎడమలు మార్చి, అంచులు కత్తిరించి పెట్టడం మామూలే. కాబట్టి ఫోన్‌లోని ఎడిటర్‌తో ఫొటోను కుడిఎడమలు మార్చి ఇంకోసారి వెతకండి. బోర్డుల మీద, టీషర్టు మీద అక్షరాలు తిరగబడి ఉంటే అనుమానించొచ్చు. అయితే ఫోన్ ముందువైపు కెమెరాతో తీసిన సెల్ఫీల్లోనూ అలా వస్తుంది, అదొక్కటీ చూసి తీర్పు చెప్పేయకండి.

ఏమీ దొరకలేదంటే మనిషి అసలైనట్టేనని అనుకోవద్దు. ప్రైవేట్ ఖాతాలోంచి కాజేసిన ఫొటో సెర్చ్‌కు అందదు. ఏఐ పుట్టించిన ముఖమైతే ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

2. ఖాతా చరిత్ర చూడండి

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ పైనున్న మూడు చుక్కలు నొక్కితే 'ఈ ఖాతా గురించి' అనే చోట ఎప్పుడు చేరారో తెలుస్తుంది. కొన్ని ఖాతాలకు పాత యూజర్‌నేమ్‌ల సమాచారమూ కనిపిస్తుంది. ఫొటోలన్నీ రెండు మూడు రోజుల్లోనే పెట్టి ఉన్నా, ఎవరూ ట్యాగ్ చేయకపోయినా, కామెంట్లలో చనువుగా పలకరించేవాళ్లు ఒక్కరూ లేకపోయినా జాగ్రత్తపడండి. పాత ఖాతా అయినా హ్యాక్ చేసిందో, కొన్నదో కావచ్చు.

3. చెప్పాపెట్టకుండా వీడియో కాల్ చేయండి

ముందే టైమ్ చెబితే అవతలివాళ్లు రికార్డు చేసిన వీడియోను లైవ్‌లా ప్లే చేయొచ్చు, ముఖం మార్చే సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసుకోవచ్చు. కాల్‌లో ఉండగా తలను పూర్తిగా పక్కకు తిప్పమనండి, అరచేతిని ముఖం ముందు నుంచి నెమ్మదిగా జరపమనండి. మార్చిన ముఖమైతే చెంప అంచుల దగ్గర, వేళ్ల చుట్టూ చెదురుతుంది. ఈ సాంకేతికత రోజురోజుకూ మెరుగవుతోంది కాబట్టి ఒక్క కాల్‌తో సరిపెట్టుకోవద్దు. వేర్వేరు వేళల్లో చేయండి. ప్రతిసారీ కెమెరా పాడైంది, నెట్‌వర్క్ లేదు అంటుంటే అదే మీకు కావాల్సిన జవాబు.

4. వీటికి ఒప్పుకోకండి

గిఫ్ట్ కార్డుల కోడ్‌లు, క్రిప్టో పంపమంటే ఆగిపోండి. అవి వెళ్లాక వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. పెట్టుబడి యాప్ చూపించి చేసే మోసం ఇంకా తెలివైనది: మొదట చిన్న మొత్తాన్ని నిజంగానే మీ చేతికి ఇస్తారు. ఆ ధైర్యంతో పెద్ద మొత్తం పెట్టాక, డబ్బు తీసుకోవాలంటే ముందు పన్ను కట్టాలంటారు. స్క్రీన్‌పై కనిపించే లాభం వాళ్లు టైప్ చేసిన అంకె మాత్రమే.

మీ బ్యాంకు ఖాతాలోకి డబ్బు వేసి ఇంకొకరికి పంపమన్నా కుదరదని చెప్పండి. అది దొంగసొమ్మయితే కేసులో మీరూ ఇరుక్కుంటారు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

5. ఇప్పటికే చిక్కుకుంటే

బ్లాక్ చేయడానికి ముందే చాట్ స్క్రీన్‌షాట్లు, ప్రొఫైల్ లింకు, డబ్బు పంపిన రసీదులు భద్రపరచండి. ప్రొఫైల్ పేరు నిమిషంలో మారిపోతుంది, లింకు కూడా ఉంటే వెతకడం తేలిక. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి. తర్వాత సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.

నగ్న చిత్రాలతో బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇస్తే మళ్లీ మళ్లీ అడుగుతారు. తప్పు బెదిరించేవాళ్లది, మీది కాదు. ఇంట్లోవాళ్లలోనో స్నేహితుల్లోనో ఒకరికి ఆ రోజే చెప్పండి. అలాంటి చిత్రాలు నెట్‌లో పాకకుండా ఆపడానికి, 18 నిండాక తీసినవాటికి 'స్టాప్ ఎన్‌సీఐఐ' (StopNCII), అంతకంటే చిన్నప్పటి చిత్రాలకు 'టేక్ ఇట్ డౌన్' (Take It Down) అనే ఉచిత ఆన్‌లైన్ సేవలున్నాయి. వాటిలో మీరు ఎంచుకున్న చిత్రం మీ ఫోన్ దాటి వెళ్లదు. దాన్ని గుర్తుపట్టే కోడ్ లాంటి డిజిటల్ ముద్ర మాత్రమే వెళ్తుంది. ఆ ముద్రతో పోలిన చిత్రాన్ని ఇందులో భాగమైన సోషల్ మీడియా సంస్థలు గుర్తించి తొలగించగలవు.

కొన్నాళ్లకు, పోయిన డబ్బు తిరిగి రప్పిస్తామంటూ ఇంకెవరో పలకరిస్తారు. ముందుగా ఫీజు అడిగితే జవాబివ్వకండి. మోసపోయినవాళ్ల పేర్లు, నంబర్లు ఒక ముఠా నుంచి ఇంకో ముఠాకు చేరుతుంటాయి.