తాడు మీద ఆల్చిప్ప పిల్లలు నిలవాలంటే: నా అనుభవం

ఆకుపచ్చ ఆల్చిప్పల (గ్రీన్ మసెల్) పెంపకంలో అందరూ అడిగేది ఒకటే: సీడ్ (ఆల్చిప్ప పిల్లలు) తాడుకు కట్టిన కొద్దిరోజులకే అవి రాలిపోయి తాడు ఖాళీ అయిపోతోందని. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వైపు ఉప్పుటేరులో మాదీ అదే గోల. బిగించి కట్టాం, నైలాన్ వల చుట్టాం, తాడు మార్చాం, లాభం లేదు.

చివరికి కుదిరింది ఇలా. ముందు సీజన్ మార్చాం. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు దంచుతాయి, ఏటి నీళ్లు చప్పబడతాయి. అందుకే రొయ్యల చెరువు వాళ్ల దగ్గర రిఫ్రాక్టోమీటర్ (నీటి ఉప్పదనం కొలిచే పరికరం) అడిగి తెచ్చి (మన జిల్లాలో దానికి కొరతా!), సెలైనిటీ (ఉప్పదనం) 30 పీపీటీ (వెయ్యికి 30 పాళ్లు) దగ్గర నిలకడగా ఉన్నాకే, సంక్రాంతి దాటాక సీడ్ దించాం.

తర్వాత గుడ్డ. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు పంచెను పొడుగ్గా చించి పరిచాం. రెండు సెంటీమీటర్ల సైజు పిల్లల్నే ఏరాం. గుత్తుల్ని చేత్తో పీకకుండా, అవి పట్టుకుని ఉండే నార లాంటి పోగుల్ని కత్తెరతో కత్తిరించి విడదీశాం. పీకితే లోపల దెబ్బతింటాయి. బురద కడిగి, మీటరుకు కిలో లోపే పలచగా పరిచి, మధ్యలో తాడు పెట్టి గుడ్డను చుట్టి దూరం కుట్లు వేశాం. జారకుండా తాడు పురుల్లో అక్కడక్కడా వెదురు పుల్లలు దూర్చాం. పాటులో (నీళ్లు వెనక్కి తీసినప్పుడు) కూడా తాడు కొస నేలకు తగలనివ్వలేదు, పీతలు ఎక్కుతాయని.

గుడ్డ కుళ్లి ఊడేసరికి పిల్లలు కొత్త పోగులతో తాడును పట్టేసుకున్నాయి. నైలాన్ అలా కుళ్లదు.

ఇందులో గుడ్డ వాటా ఎంతో, సీజన్ వాటా ఎంతో చెప్పలేను. మా ఏట్లో వడి తక్కువ. కొత్తపట్నం లాంటి చోట, అలలు కొట్టే సముద్రంలో అయితే ముందు ఒకటి రెండు తాళ్లు వేసి చూడండి.