వెనక సీట్లో కూర్చున్నవాణ్ణి చెప్తున్నా: కొత్తగా బండెక్కినవాళ్ళకి

మందుల కంపెనీలో ఏరియా మేనేజర్ని, విజయవాడ హెడ్‌క్వార్టర్. మా ఫీల్డులో జాయింట్ వర్క్ అని ఒకటుంటుంది. కొత్తగా చేరిన మెడికల్ రెప్‌తో కలిసి మేనేజరు రోజంతా తిరిగి డాక్టర్లను కలవాలి. బండి కుర్రాడిది, వెనక సీటు నాది. ఇంటర్వ్యూలో "బండి వచ్చా?" అని అడిగితే "వచ్చు సార్" అననివాడు ఇంతవరకూ తగల్లేదు. సూర్యారావుపేట దాటేసరికి ఎవరికి ఎంత వచ్చో నా మోకాళ్ళకి తెలిసిపోతుంది.

వెనక నుంచి చూస్తే భయం దాగదు. భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. మోచేతులు బిగుసుకుపోతాయి. హెల్మెట్ అటూ ఇటూ తిరగడం మానేస్తుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ మీద వేళ్ళు తెల్లబడతాయి. వెనక ఆటోవాడు హారన్ కొడితే, ఇంకా రెడ్ ఉండగానే బండి ఒక అడుగు ముందుకి జరుగుతుంది.

"భయమెందుకు, ధైర్యంగా తోలు" అని ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ చెప్తారు. ఆ మాటతో భయం పోయినవాణ్ణి నేను చూళ్ళేదు. టీ తాగేటప్పుడు నేను అడిగేది ఒక్కటే: "సరిగ్గా ఏం జరుగుతుందని భయం?" మొదటి జవాబు ఎప్పుడూ "ట్రాఫిక్ సార్" అనే. అది జవాబు కింద లెక్క కాదు. ఇంకాస్త గుచ్చితే అసలుది బయటికొస్తుంది. ఒకడికి యూటర్న్, ఇంకొకడికి పక్కనుంచి లారీ పోవడం. ఎక్కువమందికి మాత్రం సిగ్నల్ పడ్డాక బండి ఆఫ్ అయిపోతుందేమో, వెనకవాళ్ళంతా చూస్తారేమో అన్నది. కింద పడతామన్న భయం కంటే పరువు పోతుందన్న భయమే పెద్దది. మీదేదో ముందు తేల్చుకోండి. భయం బండంతా పరుచుకుని ఉండదు, ఒకట్రెండు చోట్ల ఉంటుంది. వాటిని విడిగా పట్టుకుంటే మిగతాది చాలావరకు సర్దుకుంటుంది.

ముందు బండిని మీ ఒంటికి తగ్గట్టు పెట్టించుకోండి. అన్నయ్య బండో, నాన్న బండో అయితే ఇది మరీ అవసరం. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగమైనా నేలకి గట్టిగా ఆనాలి. క్లచ్ లీవర్ కొన దగ్గర ఒక సెంటీమీటరు నుంచి రెండు దాకా వదులు ఉండాలి. మరీ బిగుతుగా ఉంటే క్లచ్ జారుతుంది, మరీ లూజుగా ఉంటే మీ తప్పేమీ లేకుండా బండి ఆగిపోతుంది, ఆ నింద మీరు మోస్తారు. మెకానిక్‌కి అయిదు నిమిషాల పని. అద్దాలు రెండూ బిగించండి. స్టైల్ కోసం పీకేసిన కుర్రాళ్ళకి నేను చెప్పేది, అద్దం పెట్టేదాకా నేను ఆటోలో వస్తానని. హెల్మెట్ ఐఎస్‌ఐ మార్కుది, తల ఊపితే కదలనిది తీసుకోండి. స్ట్రాప్ పెట్టకపోతే అది నెత్తి మీద బరువు తప్ప దేనికీ పనికిరాదు.

ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు మీద ఉన్నవాళ్ళు ముందూ వెనకా తెల్లటి దాని మీద ఎర్ర ఎల్ పెట్టాలి. నేర్పేవాళ్ళని తప్ప వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, ఆ నేర్పేవాళ్ళకి లైసెన్సు ఉండాలి. చాలామంది ఆ ఎల్ పెట్టడానికి సిగ్గుపడతారు. నన్నడిగితే కొత్తవాడికి అంతకంటే మంచి రక్షణ లేదు, వెనకవాడు కాస్త దూరం ఉంటాడు.

ఇక క్లచ్. కాలేజీ గ్రౌండుకి వెళ్ళండి, ఆదివారం పొద్దున్నే. ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలేటర్ జోలికి పోకుండా క్లచ్‌ని మెల్లగా వదలండి. ఒకచోట ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కి, బండి ముందుకి లాగుతున్నట్టు అనిపిస్తుంది. అక్కడ వేళ్ళు ఆపండి. అదే హాఫ్ క్లచ్. మళ్ళీ నొక్కండి, మళ్ళీ వదలండి. ఆ చోటు ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా చేతికి తెలియాలి. తర్వాత హాఫ్ క్లచ్ మీదే, వెనక బ్రేకు కొద్దిగా తాకిస్తూ, మనిషి నడిచే వేగంతో గ్రౌండు ఆ చివరి నుంచి ఈ చివరికి పోండి. ఆర్టీవో ఆఫీసులో ఎనిమిది వేయించేది ఈ పట్టు చూడటానికే. స్పీడుగా పోవడం ఎవరైనా పోతారు, నెమ్మదిగా కాలు దించకుండా పోవడమే నేర్చుకోవాల్సింది.

తర్వాత చెప్పేది విని కుర్రాళ్ళు నవ్వుతారు: కావాలని బండి ఆపేయండి. క్లచ్‌ని ఠక్కున వదిలితే ఒక కుదుపుతో ఇంజన్ పోతుంది. వెంటనే క్లచ్ పూర్తిగా నొక్కాలి, సెల్ఫ్ కొట్టాలి, హాఫ్ క్లచ్‌కి రావాలి, కదలాలి. చాలా బళ్ళలో క్లచ్ నొక్కితే గేర్‌లో ఉన్నా స్టార్ట్ అవుతుంది. మీ బండి న్యూట్రల్ అడుగుతుందేమో ఇక్కడే చూసుకోండి. చేతికి పట్టుబడేదాకా ఆపడం, స్టార్ట్ చేయడం, ఇదే పని. ఎవరో ఒకర్ని పక్కన నిలబెట్టి ఆ టైములో అరవమనండి, ఇంకా మంచిది. ఆగిన బండిని మూడు సెకన్లలో లేపగలనని తెలిసినవాడికి సిగ్నల్ దగ్గర గుండె దడ సగానికి సగం తగ్గుతుంది. ఆఫ్ అవడం ఎలాగూ అవుతుంది, నాకూ అవుతుంది.

ఇంకో చిన్న సంగతి. కొత్త బళ్ళు చాలావాటిలో సైడ్ స్టాండు తీయకుండా గేరు వేస్తే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. అది తెలియక సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి చెమటలు పట్టించుకునేవాళ్ళు బోలెడు. బండి గేరు వేయగానే పోతోందంటే ముందు ఎడమ కాలి దగ్గర చూడండి.

మా ఉద్యోగంలో అసలు పరీక్ష రోడ్డు మీద ఉండదు, హాస్పిటల్ సెల్లార్లో ఉంటుంది. పార్కింగ్ కింద, పైకి నిట్టనిలువు ర్యాంపు, ర్యాంపు పైన ఫుట్‌పాత్ మీద మనుషులు, ఆపైన కదిలే ట్రాఫిక్. సగం దాకా వచ్చాక ఎవరో పేషెంటు అడ్డొస్తారు. కొత్తవాడు రెండు కాళ్ళూ దించి, ముందు బ్రేకు పట్టుకుని, మళ్ళీ కదలాలంటే బ్రేకు వదలాలి కాబట్టి వదిలి, వెనక్కి జారతాడు. అప్పుడు నేను దిగి బండిని పట్టుకుంటాను, నా ప్యాంటుకి గ్రీజు. పద్ధతి ఇలా: ఎడమ కాలు మాత్రమే కింద. కుడి కాలు వెనక బ్రేకు మీద. కదిలే ముందు బ్రేకు అలాగే తొక్కి ఉంచి, కాస్త రేజ్ ఇచ్చి, క్లచ్‌ని హాఫ్ దాకా వదలండి. బండి ముందు భాగం పైకి లేవబోతున్నట్టు, ముందుకి పోతానని గుంజుతున్నట్టు తెలుస్తుంది. అది తెలిశాకే బ్రేకు వదలాలి. ముందే వదిలితే జారుతుంది, గుంజినా వదలకపోతే ఆఫ్ అవుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ఉన్నవాళ్ళు మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు ఇదే పని పెట్టుకోండి. ఇది వచ్చినవాడు ఫ్లైఓవర్ మీద జామ్ అయినా కంగారుపడడు.

బ్రేకుల గురించి మన ఇళ్ళల్లో తరతరాలుగా ఒక మాట ఉంది: "ముందు బ్రేకు వేయకురా, బోర్లా పడతావు." సగం నిజం పట్టుకుని పూర్తిగా చెడగొట్టిన సలహా ఇది. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. వెనక ఒక్కటే నమ్ముకుంటే చక్రం లాక్ అయి బండి పక్కకి జారుతుంది. పడేది ముందు బ్రేకు వేసినందుకు కాదు, ఠక్కున గుంజినందుకు. లేదంటే హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడో, ఇసుక మీదో వేసినందుకు. రెండు వేళ్ళతో మొదట మెత్తగా, తర్వాత గట్టిగా పిండాలి, వెనకది కూడా తోడు. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బళ్ళలో 125 సీసీ దాకా కనీసం సీబీఎస్, ఆపైన చక్రం లాక్ అవకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. సీబీఎస్ బండిలో వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. మీదేదో తెలుసుకోండి. ఖాళీ రోడ్డు మీద 30లో వచ్చి ఒక గీత దగ్గర బ్రేకు వేసి ఆపండి. తర్వాత 40లో. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక పట్టే దూరం నాలుగింతలవుతుంది. ఆ గీత దాటి ఎంత దూరం పోయారో కళ్ళారా చూశాక ఎవరూ చెప్పకుండానే ముందు బండికి దూరం పాటిస్తారు.

చూపు సంగతి. భయపడ్డ కన్ను కిందికి దిగుతుంది, ముందు చక్రం దగ్గరికో, స్పీడోమీటర్ దగ్గరికో. 36లో పోయే బండి సెకనుకి 10 మీటర్లు కదులుతుంది. ఒక్క సెకను కిందికి చూస్తే ఆ 10 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. గుంత కనిపించగానే గుంతనే చూస్తూ పోతే బండి అందులోకే పోతుంది. ఎందుకంటే చేతులు కళ్ళ వెంట పోతాయి. గుంత పక్కన ఖాళీని చూడండి. యూటర్న్‌లో డివైడర్ కొనని చూడకుండా, గడ్డం తిప్పి, మీరు చేరాల్సిన అవతలి లైనుని చూడండి. మొదట్లో తల అంతగా తిప్పడం నాటకంలా అనిపిస్తుంది. పర్లేదు, తిప్పండి.

ఇంకో ఉపాయం, నేను ప్రతివాడి చేతా చేయిస్తాను. నోటితో చెప్తూ నడపాలి. "ముందు షేర్ ఆటో, చెయ్యెత్తిన ఆవిడ, ఆటో ఆగుద్ది, కుడి అద్దం చూశా, ఖాళీ." హెల్మెట్లో ఎవరికీ వినపడదు. నోరు పనిలో ఉంటే ఊపిరి బిగపట్టడం కుదరదు, భుజాలు వాటంతట అవే దిగుతాయి. పైగా ఏం చూడట్లేదో కూడా తెలిసిపోతుంది. మా కుర్రాళ్ళలో ఒకడు అద్దం సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు, అప్పుడు తెలిసింది వాడి అద్దాల్లో కనిపించేది వాడి భుజాలేనని.

ఆ షేర్ ఆటో మాట ఊరికే అనలేదు. ఏలూరు రోడ్డు మీద ఆటో ఇండికేటర్ని నమ్ముకుంటే కష్టం. ఆటోని కాకుండా రోడ్డు పక్కన నిలబడ్డ మనుషుల్ని చూడండి. ఎవరు చెయ్యెత్తితే అక్కడ ఆగుతుంది. ఆటో పక్కకి వస్తోందో లేదో దాని ముందు చక్రం చెప్తుంది. ఆర్టీసీ బస్సు స్టాపులో ఆగితే దానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులోంచి అస్సలు పోవద్దు, దిగేవాళ్ళు అటే దిగుతారు. లారీకో బస్సుకో దగ్గరగా ఉన్నప్పుడు ఒకటే లెక్క: దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే మీరు అతనికి కనిపించట్లేదు.

భయస్థులు రోడ్డుకి ఎడమ అంచు పట్టుకుని పోతారు. అది క్షేమం అనిపిస్తుంది గానీ ఇసుక, కంకర, తెరుచుకునే కారు డోర్లు, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే బళ్ళు, అన్నీ అక్కడే. పైగా చోటిచ్చారు కదా అని మిగతావాళ్ళు మిమ్మల్ని రాసుకుంటూ పోతారు. ఎడమ లైనులోనే, కానీ దాని మధ్యలో పోండి. నెమ్మదిగా పోవడం మీ హక్కు.

హారన్ గురించి. మన దగ్గర హారన్ తిట్టు కాదు, ఎక్కువసార్లు "నేనున్నా" అని చెప్పడం. పది హారన్లలో మీ కోసం కొట్టింది ఏ ఒకటో రెండో. రెడ్ ఉండగా కొట్టేవాడికి మీరు జవాబు చెప్పక్కర్లేదు. ఇంకొకటి, ఎదురొచ్చేవాళ్ళు అరచేయి మూసి తెరిచి "లైటు వెలుగుతోంది" అని సైగ చేస్తారు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళకి ఇంజన్ ఆన్‌లో ఉంటే హెడ్‌లైట్ వెలిగే ఉంటుంది, ఆపే స్విచ్ ఉండదు. లేని స్విచ్ కోసం నడి రోడ్డు మీద వెతక్కండి, తలూపి సాగిపోండి.

రోడ్లకి ఒక వరస పెట్టుకోండి. మొదట కాలనీ వీధులు. తర్వాత తెల్లవారుజామున బీఆర్టీఎస్ రోడ్డు, అక్కడ వాకింగ్‌వాళ్ళు తప్ప పెద్దగా ఎవరుండరు. తర్వాత ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి వైపు: పెద్ద లారీల గోల ఉండదు, కాకపోతే గాలి కాస్త తోస్తుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగుతుంది. వేళ్ళు వదులుగా, మోకాళ్ళు ట్యాంకుకి ఆనించి. ఆ తర్వాతే బందరు రోడ్డు. బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు ఆఖర్న. ఒక మెట్టు దగ్గర భుజాలు దిగకపోతే పై మెట్టు ఎక్కొద్దు. మా కుర్రాళ్ళలో తొందరపడి ముందే బెంజి సర్కిల్ తోలినవాళ్ళు తర్వాత దాన్ని తప్పించుకోవడానికి ఊరంతా చుట్టి వస్తుంటారు.

ఊళ్ళ రూట్లకి వేరే జాగ్రత్తలు. కోతల కాలంలో వడ్లు రోడ్డు మీద ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు. గింజల మీద చక్రం జారుతుంది, కాబట్టి ముందే వేగం తగ్గించి, బ్రేకు ముట్టుకోకుండా నిటారుగా దాటాలి. కుక్క అడ్డొస్తే హ్యాండిల్ తిప్పకండి, కాలు విసరకండి. వేగం తగ్గించి, అది ఎటు పోతుందో చూసి, తర్వాత యాక్సిలేటర్ ఇవ్వండి. మొదటి వాన పడ్డ అరగంట రోడ్డు మీద ఆయిలూ దుమ్మూ కలిసి సబ్బు నురగలా ఉంటుంది, టీ కొట్టు దగ్గర ఆగడం మేలు. జీబ్రా గీతల పెయింటు, మ్యాన్‌హోల్ మూతలు ఆ తర్వాత కూడా జారతాయి. ఉయ్యూరు వైపు చెరకు కాలంలో చీకటి పడ్డాక కొత్తవాళ్ళని నేను పంపను. ట్రాక్టర్ల వెనక లైటు ఉండదు, చెరకు గడలు ట్రాలీ దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆఖరి డాక్టర్ని రేపటికి పెట్టుకోమని, అయిదున్నరకల్లా వెనక్కి బయల్దేరమని చెప్తాను.