చెదలు కనిపించాయా? స్ప్రే పక్కన పెట్టి ముందు గోడ చూడండి

మృగశిర కార్తె వచ్చి హైదరాబాద్‌లో మొదటి నాలుగు వానలు పడ్డాక ఏదో ఒక సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి, పొద్దున లేచేసరికి నేలంతా రెక్కలు. కిటికీ తెరిచి ఉంటే లైటు చూసి బయట నుంచే వచ్చి ఉంటాయి, దానికి టెన్షన్ అక్కర్లేదు, ఊడ్చి పారేయండి. కానీ కిటికీలన్నీ మూసి ఉన్నా రెక్కలు పడ్డాయంటే, లేదా స్కర్టింగ్ సందులోంచో దర్వాజ మూల నుంచో ఉసిళ్ళు వరసగా బయటికి రావడం మీరే చూశారంటే, చెదలు మీ ఇంటి కింద ఎప్పటి నుంచో కాపురం ఉంటున్నట్టే. ఉసిళ్ళంటే వేరే పురుగేం కాదు, కొత్త పుట్ట పెట్టుకోవడానికి బయల్దేరిన రెక్కల చెదలు. పుట్ట బాగా ముదిరాకే అవి తయారవుతాయి. రెక్కల చీమలు కూడా ఇదే సీజన్‌లో వస్తాయి కాబట్టి ఒకదాన్ని పట్టుకుని చూడండి: చీమకు నడుము సన్నగా ఉంటుంది, ముందు రెక్కలు వెనక రెక్కల కన్నా పెద్దవి. ఉసిళ్ళకు నడుమే ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు.

ఇక ఇల్లు వెతకడం. ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవర్ చాలు. గ్రౌండ్ ఫ్లోర్ నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే మన దగ్గర ఇళ్ళకు పట్టే చెదలు ఎక్కువగా నేలలో ఉండేవే, అవి మట్టిలోంచి పైకి వచ్చి తిని మళ్ళీ మట్టిలోకి పోతాయి. ఎండా గాలీ వాటికి పడవు, అందుకే దారి పొడుగునా మట్టితో గొట్టం కట్టుకుంటాయి. గోడ మీద పెన్సిల్ మందాన పైకి పాకిన మట్టి గీత కనిపిస్తే అదే. దర్వాజ ఫ్రేము నేలను తాకే చోట, బాత్రూమ్ తలుపు కింద, కిచెన్ సింకు కింది కప్‌బోర్డు వెనక, మెట్ల కింద సామాను పడేసే మూల, గోడకున్న క్యాలెండర్లు, ఫోటో ఫ్రేముల వెనక, స్విచ్ బోర్డు లోపల, సజ్జ మీద అట్టపెట్టెల అడుగున చూడండి. ముఖ్యంగా అట్టపెట్టెలు! ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బమ్ అట్టపెట్టెలో పెట్టి గోడకు ఆనించి నేల మీద వదిలేస్తే చెదలకు వడ్డించి పెట్టినట్టే. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్రేము మీద తట్టుకుంటూ పోండి, చప్పుడు డొల్లగా మారిన చోట మొనతో నొక్కితే పైన పెయింటు పొర తప్ప లోపల ఏమీ ఉండదు. చెద పైపొర ముట్టుకోదు, లోపలిదే తింటుంది, అందుకే ఇల్లు చూడ్డానికి బానే ఉంటుంది.

చెక్కలో పొడి రాలుతున్న ప్రతిదీ చెద కాదు. గుండుసూది దూరేంత గుండ్రటి రంధ్రాలు, వాటి కింద మెత్తటి పొడి ఉంటే అది పుచ్చు పురుగు, దానికి వైద్యం చెక్కలోనే చెయ్యాలి, నేలంతా తవ్వించుకోవక్కర్లేదు. మట్టి ఏమీ లేకుండా గసగసాల్లాంటి గింజలు కుప్పగా రాలుతుంటే పొడి చెక్కలోనే బతికే ఇంకో రకం చెద, అది తీరప్రాంతాల్లో ఎక్కువ, మన దగ్గర పాత ఫర్నిచర్‌తో వస్తే రావచ్చు. మట్టి కనిపిస్తే మాత్రం నేల చెదే.

గొట్టం దొరగ్గానే చీపురుతో మొత్తం గీకేయాలని చెయ్యి లాగుతుంది, వద్దు. మధ్యలో ఒక్క అంగుళం పగలగొట్టి వదిలేయండి. తెల్లటి పురుగులు కదిలితే సరే, కదలకపోయినా రెండు మూడు రోజులాగి చూడండి, తడి మట్టితో ఆ ఖాళీ మళ్ళీ పూడ్చి ఉంటే కాలనీ బతికే ఉంది. ట్రీట్‌మెంట్ చేసేవాళ్ళకు కూడా ఈ గొట్టాలే అడ్రసు, కాబట్టి ఫోన్లో ఫోటోలు తీసి ఉంచుకోండి.

కిరోసిన్, వేప నూనె, బొద్దింకల స్ప్రే లాంటివన్నీ కనిపించిన వాటిని చంపుతాయి, అంతే. తినడానికి వచ్చేది కూలి చెదలు, రాణి ఎక్కడో మట్టిలో రోజుకు వేలకొద్దీ గుడ్లు పెడుతూ ఉంటుంది, మీరు ఈ తలుపు దగ్గర కొడితే అవి దారి మార్చి పక్క తలుపుకు పోతాయి. గమాక్సిన్ చల్లితే సరిపోయేది అనే పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, ఆ పేరుతో వాళ్ళకు తెలిసిన బీహెచ్‌సీ అనే పురుగుమందు 1997 నుంచి మన దేశంలో నిషేధం, ఎవరైనా తెచ్చిస్తామన్నా తీసుకోకండి.

అసలు ట్రీట్‌మెంట్ చెక్కకు కాదు, చెక్క కింది మట్టికి. గోడా నేలా కలిసే చోట ఇంటి లోపల చుట్టూ అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టి, ఒక్కో దాంట్లోకి లీటరు దాకా మందు నీళ్ళు ఎక్కించి, పీల్చుకున్నాక వైట్ సిమెంటుతో పూడుస్తారు. బయట గోడ చుట్టూ మట్టిలో కూడా మందు పొయ్యాలి. దర్వాజ ఫ్రేము గోడను తాకే చోట 6 మిల్లీమీటర్ల సన్న రంధ్రాలు, కిందికి ఏటవాలుగా, జానెడు కంటే కాస్త తక్కువ దూరంలో. ఇది ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణంలో ఉన్న పద్ధతే, పెస్ట్ కంట్రోల్ వాళ్ళను ఆ నంబరు అడిగి చూడండి, తెలిసినవాళ్ళెవరో తెలియనివాళ్ళెవరో అక్కడే తేలిపోతుంది.

మందుల్లో ఇప్పుడు ఇళ్ళకు ఎక్కువగా వాడేది ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ (అంకె మందు శాతం, అక్షరాలు ద్రవం రకం, డబ్బా మీదే ఉంటాయి), లీటరు నీళ్ళకు 2.1 మిల్లీలీటర్లు. దీనికి వాసన దాదాపు ఉండదు, చెదలకు అక్కడ మందు ఉందన్న సంగతే తెలీదు, అందులోంచి నడిచిపోయి ఒకదాన్నొకటి నాక్కుంటూ మిగతావాటికి అంటిస్తాయి. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ పాతకాలపు మందు, లీటరు మందుకు 19 లీటర్ల నీళ్ళు కలుపుతారు, చవక, కానీ ఘాటు వాసన, పిల్లలూ గర్భిణులూ ఉన్న ఇంట్లో గదుల లోపల అది నేనైతే కొట్టించను. ఏది వాడినా డబ్బా మీది లేబులే చివరి మాట.

రేటు చదరపు అడుగుకు ఇంతని చెబుతారు, బేరం ఆడండి, తప్పులేదు. కానీ రేటు కంటే ముందు ఎన్ని లీటర్లు పోస్తారో అడగాలి. 10 బై 12 గది తీసుకోండి, చుట్టుకొలత 44 అడుగులు, తలుపు పోను ఓ 40 రంధ్రాలు, లీటరు చొప్పున దగ్గర దగ్గర 40 లీటర్లు ఒక్క గదికే. ఒకతను వీపు మీద 16 లీటర్ల ట్యాంకు తగిలించుకుని వచ్చి గంటలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు ముగించాడంటే నేల తడిసింది తప్ప పనేమీ జరగలేదు. "అన్నా, సీల్ డబ్బా నా ముందే తియ్యి, నా ముందే కలుపు" అని మొహమాటం లేకుండా చెప్పండి. లైసెన్సు చూపించమనండి, వారంటీ కాగితం మీద రాయించుకోండి, అందులో ఏయే గదులో కూడా ఉండాలి.

సంపు సంగతి చాలామందికి గుర్తే రాదు. మన ఇళ్ళలో మంజీరా నీళ్ళయినా ట్యాంకర్ నీళ్ళయినా ముందు పడేది పోర్టికో కింద ఉన్న సంపులోనే, దాని గోడకు ఎక్కడైనా చీలిక ఉంటే పక్కన పోసిన మందు అందులోకి దిగుతుంది. సంపును, బోరును ఆనుకుని ఉన్న వైపు రంధ్రాలు పెట్టనివ్వకండి, పని మొదలవకముందే అవెక్కడున్నాయో చూపించండి. నేల కింద నీళ్ళ పైపులు, కరెంటు పైపులు ఏ దారిన పోయాయో కూడా చెప్పాలి, డ్రిల్లు పడి పైపు పగిలితే ఆ తడికే మళ్ళీ చెదలొస్తాయి. అక్వేరియం ఉంటే పక్కింటికి పంపండి. బియ్యం, పప్పులు, గిన్నెలు కప్‌బోర్డుల్లోంచి తీసేయాలి, పిల్లలను ఆ రోజుకు అమ్మమ్మ వాళ్ళింట్లో దింపితే మీకూ ప్రశాంతం.

అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకు చెదలెలా వస్తాయంటే పైపుల డక్టులోంచి, గోడ లోపలి సందుల్లోంచి. మీ ఒక్క ఫ్లాటుకే చేయించుకుంటే కింద నుంచి మళ్ళీ ఎక్కుతాయి, అసోసియేషన్ మీటింగులో గట్టిగా మాట్లాడి సెల్లార్, డక్టులు కలిపి చేయించాలి. ఎక్కడైనా లీకేజీ ఉంటే ముందు ప్లంబర్, తర్వాతే మందు.

పక్కన ఖాళీ ప్లాటులో పుట్ట ఉందని కొందరు భయపడతారు. నాగుల చవితికి పాలు పోసే ఆ పుట్ట కట్టింది కూడా చెదలే, నిజమే, కానీ కాలనీ వాళ్ళు పసుపు కుంకుమ పెట్టే పుట్టను తవ్విస్తానని గొడవకు దిగకండి, మీ గోడ చుట్టూ మందు సరిగ్గా పడితే చాలు.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళయితే, బేస్‌మెంట్ నింపేటప్పుడు సెంట్రింగ్ చెక్కలు, కొయ్య మేకుల ముక్కలు అలాగే మట్టిలో పూడ్చేయడం మన మేస్త్రీలకు అలవాటు, దగ్గరుండి ఏరించండి. ఫ్లోరింగ్ వెయ్యకముందే మట్టికి మందు పోయించడం తర్వాత టైల్స్‌కు బెజ్జాలు పెట్టించడం కంటే ఎంతో నయం. ఇంటీరియర్ అతను ప్లైవుడ్ వాటర్‌ప్రూఫ్ అన్నాడంటే దానర్థం చెదలు తినవని కాదు, విడిగా అడగాలి.

మందు కొట్టించాక వెంటనే కార్పెంటర్‌ను పిలవకండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి నెమ్మదిగా పని చేస్తాయి, రెండు మూడు వారాలు చెదలు అక్కడక్కడా కనిపించవచ్చు. ఆ వారాలు గడిచాక పాత గొట్టాలన్నీ గీకేసి గోడ శుభ్రం చేయండి, ఏ కొత్త గీత వచ్చినా తెలుస్తుంది. రాకపోతే డొల్ల చెక్క మార్పించండి, బాత్రూమ్ తలుపులకు గ్రానైట్ ఫ్రేమో డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) ఫ్రేమో మేలు, ఆ తర్వాత పెయింటు. నెల దాటాక కూడా కొత్త మట్టి కనిపిస్తే తుడవకండి, ఫోటో తీసి వారంటీ కాగితంతో పాటు వాళ్ళకే పంపండి.