ఆరు మీటర్ల దగ్గర ఆక్సిజన్: డీప్ డైవ్‌కి ముందు జాగ్రత్తలు

ఈజిప్టులో దహబ్ దగ్గరి బ్లూ హోల్ ఒడ్డున కొండరాతికి బిగించిన ఫలకాలు కనిపిస్తాయి. అక్కడ నీళ్లలోకి దిగి తిరిగిరాని డైవర్ల పేర్లు అవి. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులు దొరకగానే ఎర్ర సముద్రంలో టెక్నికల్ డైవింగ్‌కి (మామూలు డైవింగ్ హద్దులు దాటి లోతుకు వెళ్లే డైవింగ్) బయలుదేరే మనవాళ్లకు లోతు గురించి, నైట్రోజన్ మత్తు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పైకి వచ్చేటప్పుడు మనల్ని కాపాడాల్సిన ఆక్సిజనే ఎలా ప్రాణం మీదికి తెస్తుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. కోర్సు చేసినవాళ్లకు ఇది గుర్తుచేయడం మాత్రమే. కోర్సు చేయనివాళ్లు ఇది చదివి డీకంప్రెషన్ డైవ్‌కి, అంటే ఒంట్లో చేరిన గ్యాస్ బయటికి పోయేలా మధ్యమధ్యలో ‘స్టాప్‌’లలో ఆగుతూ పైకి రావాల్సిన డైవ్‌కి, దిగొద్దు.

లెక్క చిన్నదే. నీటి పైన గాలి ఒత్తిడి ఒక బార్, నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఇంకో బార్ పెరుగుతుంది. పీల్చే గ్యాస్‌లోని ఆక్సిజన్ వాటాను ఆ లోతులోని మొత్తం ఒత్తిడితో గుణిస్తే ఆక్సిజన్ పాక్షిక పీడనం వస్తుంది. అడుగున ఈదుతూ కష్టపడేటప్పుడు అది 1.4 బార్, స్టాప్‌లో కదలకుండా ఉన్నప్పుడు 1.6 బార్ దాటకూడదు. స్వచ్ఛమైన ఆక్సిజన్ 6 మీటర్ల దగ్గరే 1.6 అయిపోతుంది. అదే సిలిండర్‌ని 21 మీటర్ల దగ్గర నోట్లో పెట్టుకుంటే 3.1. బ్లూ హోల్‌లోంచి బయటి సముద్రంలోకి తెరుచుకునే రాతి దారి, ఆర్చ్, పైభాగం దాదాపు 56 మీటర్ల లోతులో ఉంటుంది. నైట్రాక్స్ 32 (32 శాతం ఆక్సిజన్, మిగతాది నైట్రోజన్) సిలిండర్‌తో అక్కడిదాకా వెళ్తే 2.1 దాటుతుంది. ఆ స్థాయిలో ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు.

ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ ఫిట్స్ తెప్పిస్తుందని ఫ్రాన్స్‌లో పాల్ బెర్ట్ 1878లోనే రాశాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నేవీ కోసం కెన్నెత్ డోనాల్డ్ చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. ఒకే మనిషి, ఒకే లోతులో, ఒకరోజు చాలాసేపు తట్టుకుని, మరోరోజు కొద్దిసేపటికే పడిపోయాడు. అంటే నిన్న ఏమీ కాలేదన్నది ఇవాళ్టికి ఏ విధంగానూ భరోసా కాదు. పెదవులు అదరడం, చెవుల్లో హోరు, చూపు ఇరుకవడం, వికారం, తల తిరగడం, ఊరికే చిరాకు... ఇవి లక్షణాలు. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆక్సిజన్ తక్కువ ఉన్న గ్యాస్‌కి మారి, బడ్డీకి (జతగా దిగిన డైవర్‌కి) సిగ్నల్ ఇవ్వండి. అయితే చాలాసార్లు ఇవేవీ రాకుండా నేరుగా ఫిట్సే వస్తాయి. కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూసే ప్లాన్ ప్లానే కాదు.

ప్లాన్ కాగితం మీద ఇలా ఉంటుంది. 60 మీటర్ల డైవ్‌కి 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్ ఉన్న ట్రైమిక్స్ తీసుకుంటే అడుగున 1.26 బార్. పైకి వస్తూ 21 మీటర్ల దగ్గర 50 శాతం నైట్రాక్స్‌కి మారితే 1.55. చివరికి 6 మీటర్ల దగ్గర ఆక్సిజన్, 1.6. ఈ 1.6 దగ్గర ఒక డైవ్‌కి 45 నిమిషాలు మించొద్దని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా పట్టిక చెబుతుంది. అంటే 20 నిమిషాల ఆక్సిజన్ స్టాప్ ఒక్కటే ఆ పరిమితిలో 44 శాతం తినేస్తుంది. అడుగున గడిపిన సమయం, మధ్య స్టాప్‌లు దీనికి అదనం. సాయంత్రం ఇంకో డైవ్ ఉంటే పొద్దుటి లెక్క దానికి కలపాల్సిందే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం, సిలిండర్ మార్చే క్షణం.

ఆ జాగ్రత్త ఒడ్డు మీదే మొదలవ్వాలి. షాప్‌వాళ్లు నింపి ఇచ్చిన ప్రతి సిలిండర్‌నీ మీరే ఎనలైజర్‌తో చూడండి. ముందు గాలిలో పెట్టి 20.9 చూపిస్తుందో లేదో సరిచేసుకుని, తర్వాత గ్యాస్ కొలవండి. సిలిండర్ మీద టేప్ అంటించి లావుపాటి మార్కర్‌తో, అరచేయంత అంకెలతో లోతు రాయండి: ఒకదాని మీద 21, ఇంకోదాని మీద 6. మీకు కనిపిస్తే సరిపోదు, పక్కనున్న బడ్డీకి కనిపించాలి. పాత టేప్ పీకేశాకే కొత్తది అంటించండి.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒకసారి 21 మీటర్ల దగ్గర, ఎడమవైపు వేలాడుతున్న రెండు సిలిండర్లలో చేతికి అందిన రెగ్యులేటర్ (సిలిండర్‌లోని గ్యాస్‌ని నోటికి అందించే పరికరం) తీసి నోటిదాకా తెచ్చాను. బడ్డీ ముందుకొచ్చి తన అరచెయ్యి నా మౌత్‌పీస్‌కి అడ్డం పెట్టాడు. తర్వాత వేలితో టేప్ మీది అంకెను చూపించాడు. అక్కడ 6 అని ఉంది. వాల్వ్ తెరిచే ఉంది, ఒక్క శ్వాస తీసుకుంటే చాలు. ఆ రోజు నుంచి నా పద్ధతి మారలేదు. ముందు చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్‌లో లోతు చూస్తాను. సిలిండర్ మీది అంకె చదువుతాను. వాల్వ్ దగ్గర వేలు పెట్టి, హోస్ వెంటే తడుముకుంటూ రెగ్యులేటర్ దాకా వస్తాను. బడ్డీ అదే అంకె చూసి ఓకే అన్నాకే నోట్లో పెట్టుకుంటాను. ఆ తర్వాతే కంప్యూటర్‌లో గ్యాస్ మారుస్తాను. అర నిమిషం కూడా పట్టదు. ఇద్దరూ ఒకేసారి మారకండి, ఒకరు మారుతుంటే ఒకరు చూడాలి.

స్టాప్‌లో తాడు పట్టుకుని నిదానంగా, నిండుగా ఊపిరి తీయండి. ఊపిరి బిగబట్టినా, అలలకు ఎదురీదినా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దాంతో ఫిట్స్ ముప్పూ పెరుగుతుంది. అలలు పెద్దగా ఉండి 6 మీటర్ల దగ్గర నిలవలేకపోతుంటే కిందికి జారొద్దు, 8 మీటర్ల దగ్గర అదే ఆక్సిజన్ 1.8 అవుతుంది. ఆక్సిజన్ స్టాప్ ఎక్కువసేపు ఉంటే ప్రతి 20, 25 నిమిషాలకు 5 నిమిషాలు ఆక్సిజన్ తక్కువ ఉన్న గ్యాస్ పీల్చి విరామం ఇవ్వండి. ఆ 5 నిమిషాలను స్టాప్ సమయంలో కలపకండి. ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ మాత్రలు ఇలాంటి డైవ్‌కి ముందు వేసుకోవద్దు. రీబ్రీదర్ (వదిలిన ఊపిరినే శుద్ధిచేసి మళ్లీ అందించే పరికరం) వాడేవాళ్లు సెట్ పాయింట్‌ని, అంటే అది నిలిపి ఉంచే ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని, 1.3 దాటనివ్వకండి, గడువు తీరిన సెన్సర్లతో దిగకండి.

ఇక బడ్డీకి ఫిట్స్ వస్తే ఏం చేయాలో నీళ్లలోకి దిగకముందే ఇద్దరూ నోటితో చెప్పుకోండి. చాలామంది చనిపోయేది ఫిట్స్ వల్ల కాదు, నోట్లోంచి రెగ్యులేటర్ జారి మునిగిపోవడం వల్ల. రెగ్యులేటర్ నోట్లోనే ఉంటే దాన్ని గట్టిగా అదిమి పట్టుకుని, కొట్టుకోవడం ఆగేదాకా ఆ లోతులోనే ఉంచి, ఆ తర్వాత పైకి తీసుకెళ్లాలి. జారిపోయి ఉంటే మళ్లీ పెట్టాలని తంటాలు పడకుండా వెంటనే పైకి బయలుదేరాలి. సముద్ర వైద్య నిపుణుల కమిటీ 2012లో ఇచ్చిన సూచనలు ఇవే. స్టాప్‌లు వదిలేస్తే అతనికి బెండ్స్ (ఒంట్లో గ్యాస్ బుడగలు ఏర్పడే జబ్బు) రావచ్చు, దానికి ప్రెషర్ ఛాంబర్‌లో వైద్యం ఉంది. మీ సొంత స్టాప్‌లు ఇంకా మిగిలి ఉంటే అతన్ని పైనున్నవాళ్లకు ఎలా అప్పగిస్తారు, పడవ మీద ఎవరు సిద్ధంగా ఉంటారు, దగ్గర్లో ఛాంబర్ ఎక్కడుంది, ఫోన్ నంబర్ ఎవరి దగ్గరుంది, ఇవన్నీ ముందురోజు రాత్రే తేల్చుకుని ఒక కాగితం మీద రాసి పడవలో పెట్టండి.