పాత తెరచాప పడవ కొందాం – మూడో పాఠం: ఎన్ని అడుగులు?

కిందటి పాఠం చివర మీకో పని అప్పగించాను. పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మీకు నిజంగా ఖాళీ దొరికిన శని ఆదివారాలు ఎన్ని, ఆ రోజుల్లో మీతో నీళ్ల మీదికి వచ్చేవాళ్లు ఎవరు, ఈ రెండూ కాగితం మీద రాయమన్నాను. రాయనివాళ్లు ఇప్పుడైనా రాయండి. ఈ పాఠమంతా ఆ కాగితంతోనే పని. వచ్చేవాళ్ల వరుసలో ‘తప్పకుండా వస్తాం’ అని పెళ్లి భోజనాల దగ్గర మాట ఇచ్చినవాళ్లను చేర్చకండి. చలికాలం ముగిశాక ఒక ఆదివారం ఉదయం ఏడింటికి లేచి, చేతులకు జిగురూ రంగూ అంటించుకోవడానికి సిద్ధపడేవాళ్లనే లెక్కపెట్టండి.

ఈ ధారావాహికలో మన నీళ్లు అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతం. నేను పడవ నడిపేది అక్కడే కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే ఉంటాయి. మీరు ఇంకో చోట ఉంటే లోతూ గాలీ మార్చుకుని చదువుకోండి. మిగతా లెక్కలు మారవు.

ముందు నా తప్పు చెప్పి పాఠంలోకి వెళ్తాను. నేను మొదట కొన్నది 36 అడుగుల పడవ. కొనేటప్పుడు నా మనసులో మేము నలుగురం, మా బావమరిది కుటుంబం నలుగురు, అప్పుడప్పుడూ ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు. ఆ వేసవి మొత్తంలో రేవు దాటింది 9 సార్లు. అందులో మా బావమరిది వచ్చింది ఒక్కసారి, అదీ ఫొటోల కోసం. పడవలో లోపమేమీ లేదు. దాన్ని మెరీనాలో, అంటే పడవలు అద్దెకు కట్టేసుకునే రేవులో, దాని గూటిలోంచి బయటికి తీయాలన్నా, తిరిగి పెట్టాలన్నా పని తెలిసిన మనుషులు ఇద్దరు కావాలి. మా ఇంట్లో పని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, అదీ సగం సగం. పక్కగాలి ఉన్న రోజు రేవుకు చేరుతుంటే నా భార్య ముఖంలో కనిపించిన భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడో ఏడు దాన్ని అమ్మేసి 27 అడుగులది కొన్నాను. తర్వాతి వేసవిలో 31 సార్లు వెళ్లాం. సాయంత్రం ఆఫీసు అయ్యాక రెండు గంటల కోసం వెళ్లిన రోజులు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. 36 అడుగుల పడవతో ఆ రెండు గంటలూ తాళ్లు విప్పడానికీ కట్టడానికే సరిపోయేవి.

ఇక లెక్కలు. పడవ పేరులో ఉండే అంకెను నమ్మి పోల్చడం కొత్తగా కొనేవాళ్లందరూ చేసే పొరపాటు. 22కూ 27కూ తేడా అయిదడుగులే కదా అనుకుంటాం. పాత పడవల మార్కెట్లో చాలా ఎక్కువగా కనిపించేది కాటలినా కంపెనీ పడవల కుటుంబం కాబట్టి దాన్నే తీసుకుందాం. ఎత్తి దించే కీల్ (పడవ కింద వేలాడే బరువైన రెక్క) ఉన్న కాటలినా 22 బరువు సుమారు 2,250 పౌండ్లు. కాటలినా 27 సుమారు 6,850. కాటలినా 30 సుమారు 10,200. కాటలినా 36 సుమారు 13,500. ఇప్పుడు మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి చూడండి. పొడవు ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం పెరిగింది, బరువు ఆరు రెట్లయింది. పొడవు పెరిగినప్పుడు వెడల్పూ లోతూ కూడా పెరుగుతాయి, అందుకే బరువు ఘనంలా ఎగబాకుతుంది. అసలు సైజు అంటే ఈ బరువే. ప్రకటనల్లో పొడవు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, బరువు ఎక్కడో అడుగున ఉంటుంది. మీరు అడుగు నుంచి చదవడం మొదలుపెట్టండి.

బరువు ఆరు రెట్లయితే వేగం ఎంత పెరుగుతుంది? నీటిని తోసుకుంటూ వెళ్లే పడవ గరిష్ఠ వేగానికి ఒక మోటు సూత్రం ఉంది. పడవ నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే వేగం నాట్లలో, అంటే గంటకు ఎన్ని నాటికల్ మైళ్లో, వస్తుంది. కాటలినా 22 నీటిమట్టం పొడవు సుమారు 19.3 అడుగులు, కాబట్టి 5.9 నాట్లు. కాటలినా 36కు సుమారు 30.25 అడుగులు, కాబట్టి 7.4 నాట్లు. ఆరు రెట్ల బరువుకు మనకు దక్కింది ఒకటిన్నర నాట్ల వేగం. అదీ గాలి బాగా వీచినప్పుడే. చెసపీక్‌లో జులై, ఆగస్టు నెలల్లో గాలి చాలా రోజులు పడుకునే ఉంటుంది. ఆ రోజుల్లో పెద్ద పడవైనా చిన్న పడవైనా జెల్లీచేపల మధ్య ఒకే చోట తేలుతూ ఉంటాయి.

తర్వాతి లెక్క మీ చేతులకు సంబంధించింది. దీన్ని పుస్తకంలో ఎక్కించుకోండి. పడవ ముందు భాగంలో ఉండే చాపను బిగించే తాడు మీద పడే లాగుడు పౌండ్లలో తెలియాలంటే, చాప వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో తీసుకుని, గాలి వేగం నాట్లలో తీసుకుని దాని వర్గంతో హెచ్చవేసి, వచ్చినదాన్ని మళ్లీ 0.00431తో హెచ్చవేయాలి. చిన్న పడవ మీది 120 చదరపు అడుగుల చాపను 20 నాట్ల గాలిలో చూద్దాం. 120ని 400తో, ఆపైన 0.00431తో హెచ్చవేస్తే దాదాపు 207 పౌండ్లు వస్తుంది. అదే 300 చదరపు అడుగుల చాపకు 517 పౌండ్లు. గాలి 20 నుంచి 10కి తగ్గితే ఇవి నాలుగో వంతుకు పడిపోతాయి. అంటే చల్లగా గాలి వీస్తున్న ఉదయం అమ్మకందారుతో కలిసి వెళ్లినప్పుడు ఏ పడవైనా పెంపుడు పిల్లిలా ఉంటుంది. ఈ అఖాతంలో వేసవి మధ్యాహ్నాలు హఠాత్తుగా ఉరుములు పుట్టుకొస్తాయి. అప్పుడు ఆ తాడు పట్టుకునేది ఎవరో మీ కాగితంలో చూసుకోండి. తాడు బిగించే వించ్ మన బలాన్ని ఎన్నో రెట్లు చేస్తుంది, నిజమే. కానీ దాని పిడి తిప్పేది మనిషే. ఆ సమయంలో చుక్కాని ఇంకొకరి చేతిలో ఉండాలి.

నా కొలత ఇలా ఉంటుంది. గాలి లేనప్పుడు రేవు మీద నిలబడి పడవను ఒక్క మనిషి తాడుతో ఆపగలగాలి, చేత్తో పక్కకు నెట్టగలగాలి. మూడు టన్నుల 27 అడుగుల పడవను నేను ఆపగలను. ఆరు టన్నుల 36 అడుగుల పడవను ఆపబోతే అది నన్నే లాక్కెళ్లింది. అది కదులుతున్నప్పుడు రేవుకూ పడవకూ మధ్య కాలు పెట్టకూడదని పిల్లలకు నేర్పడానికే ఒక వేసవి పట్టింది.

‘సముద్రానికి పెద్ద పడవైతేనే భద్రం కదా’ అని నన్ను అడగనివాళ్లు లేరు. రాబిన్ లీ గ్రాహం 1965లో 16 ఏళ్ల వయసులో 24 అడుగుల పడవలో ప్రపంచం చుట్టిరావడానికి బయలుదేరాడు. మధ్యలో 33 అడుగులదానికి మారి 1970లో ముగించాడు. 1968–69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా 312 రోజుల్లో భూమిని చుట్టిన సుహైలీ పొడవు 32 అడుగులే. మన నౌకాదళానికి చెందిన తారిణి 56 అడుగులది. 2017 సెప్టెంబరులో దాని మీద గోవా నుంచి బయలుదేరి 2018 మేలో తిరిగివచ్చిన ఆరుగురు మహిళా అధికారులలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. తర్వాత 2024–25లో అదే తారిణిని దిల్నా, రూప ఇద్దరే నడిపి ప్రపంచాన్ని చుట్టారు. ఆరుగురి పడవను ఇద్దరు నడపగలిగారంటే దాని వెనక ఏళ్ల తరబడి సాధన ఉంది. మనకు ఉన్నవి శనివారాలు. పడవ గట్టిదా కాదా, నడిపేవాడికి పని తెలుసా లేదా అన్నవాటితో భద్రత ముడిపడి ఉంది. అడుగులు ఆ తర్వాత.

ఇప్పుడు అడుగున ఉండే సంగతి. కీల్ అంటే పడవ కింద వేలాడే బరువైన రెక్క అని రెండో పాఠంలో చూశాం. చెసపీక్ ఉత్తర దక్షిణాలుగా దాదాపు 200 మైళ్ల పొడవు ఉన్నా సగటు లోతు 21 అడుగులే. మనం రాత్రి లంగరు వేసుకోవాలనుకునే వాగుల్లో అదీ ఉండదు. కాటలినా 27 కీల్ సుమారు 4 అడుగులు దిగుతుంది. కాటలినా 30 మామూలు కీల్ 5 అడుగుల 3 అంగుళాలు. ఈ 15 అంగుళాల తేడాతో మంచి వాగుల సంఖ్య ఎంత తగ్గిపోతుందో పటం చూస్తే తెలుస్తుంది. అడుగున ఎక్కువగా బురదే కాబట్టి దిగబడితే పరువు తప్ప ఇంకేమీ పోదు. 30 అడుగులదే కావాలనుకుంటే తక్కువ లోతు కీల్ ఉన్నదాన్ని వెతకండి, దొరుకుతుంది. తెరచాప కొయ్య ఎత్తు గురించి మాత్రం ఇక్కడ బెంగ అక్కర్లేదు. అఖాతం మీది పెద్ద వంతెన కింద 186 అడుగుల ఖాళీ ఉంది.

క్యాబిన్ విషయంలో మనవాళ్లు ప్రకటనను నమ్మి మోసపోతారు. ‘ఏడుగురు పడుకోవచ్చు’ అని రాస్తే పెళ్లి విడిదిలో పడుకున్నట్టు పడుకోవచ్చని అర్థం. ప్రకటనలో ఉన్న సంఖ్యను సగం చేయండి, లెక్కలో అర మిగిలితే పైకి కాకుండా కిందికి సవరించండి. కాటలినా 22లో నిటారుగా నిలబడలేరు. 27లో సుమారు 6 అడుగుల 1 అంగుళం ఎత్తు ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరికంటే పొడుగైన మనిషిని వెంట తీసుకెళ్లి నిలబెట్టి చూడండి. వంటగట్టు దగ్గర నిలబడి టీ పెడుతున్నట్టు నటించండి. సిగ్గుపడకండి, అమ్మేవాళ్లు ఇలాంటివి చాలా చూసి ఉంటారు. మరుగుదొడ్డికి తలుపు ఉందో తెరే ఉందో కూడా చూడండి. రాత్రి బస చేసే ఉద్దేశం ఉంటే ఇంట్లో ఆడవాళ్ల నిర్ణయం చాలాసార్లు ఆ తలుపు దగ్గరే తేలిపోతుంది. తప్పు లేదు.

డబ్బు. పాత పడవల ధరలు మనల్ని ఊరిస్తాయి. 1980ల నాటి 34 అడుగుల పడవ, దానికంటే కొత్తదైన 26 అడుగుల పడవ ఒకే ధరకు కనిపిస్తాయి. అంత పెద్దది ఇంత చవకగా వస్తోందని మనసు లాగుతుంది. ఏనుగును ఊరికే ఇచ్చినా మేత ఊరికే రాదు. మెరీనాలో గూటి అద్దె అడుగుల లెక్కన. క్రేనుతో పైకి తీయడం అడుగుల లెక్కన. అడుగున నాచు పట్టకుండా వేసే రంగుకు కూలీ అడుగుల లెక్కన. కొనేముందు పరీక్షించే సర్వేయరు రుసుము కూడా అంతే. ఈ అడుగులు కొలిచేటప్పుడు మెరీనావాళ్లు ముందు పొడుచుకొచ్చిన లంగరునూ వెనక వేలాడే ఇంజన్నూ కలిపి కొలుస్తారు కాబట్టి పేరులోని 30 బిల్లులో 32 అవుతుంది. ఇక చాపలు, తాళ్లు, వించ్‌లు, లంగరు, వీటి ఖర్చు పడవ బరువుతో పాటు పెరుగుతుంది. ఏటా పడవ విలువలో పదోవంతు ఖర్చవుతుందని ఒక పాత సూత్రం తిరుగుతూ ఉంటుంది. చవకగా వచ్చిన పెద్ద పాత పడవకు అది అస్సలు పనికిరాదు. పడవ మీకు ఎంతకు దొరికిందో రంగు డబ్బాకు తెలియదు.

ఈ లెక్కలో ఒక గీత ప్రత్యేకమైనది. అమెరికా రోడ్ల మీద మామూలుగా లాక్కెళ్లగల వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు. కాటలినా 22 వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు కాబట్టి ట్రెయిలర్ మీద ఇంటి ఆవరణలో పెట్టుకోవచ్చు, మెరీనా అద్దె మిగులుతుంది. కాటలినా 27 వెడల్పు 8 అడుగుల 10 అంగుళాలు. నాలుగంగుళాల కోసం ఏడాది పొడవునా అద్దె కట్టాలి. ఇంటి దగ్గర స్థలమూ, లాగగల బండీ ఉన్నవాళ్లు 22ను తేలికగా తీసిపారేయకండి. ప్రతిసారీ కొయ్య నిలబెట్టి, చాప తొడిగి, నీటిలోకి దించడానికి గంటకు పైగా పడుతుందని మాత్రం ముందే తెలుసుకోండి. ఆ గంట వల్ల చాలా 22లు ఆవరణల్లో టార్పాలిన్ కింద ముసలివైపోతున్నాయి.

ఇన్ని చెప్పాక నన్నే ఎంచమంటే, చెసపీక్‌లో భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ, ఎప్పుడైనా ఒక రాత్రి బస, మొదటి పడవ అయితే 25 నుంచి 28 అడుగుల మధ్య, 7,000 పౌండ్ల లోపు చూడమంటాను. మీ కాగితంలో పని నేర్చుకోవాలనే కోరిక ఉన్న, వయసొచ్చిన రెండో మనిషి నిజంగా ఉంటే 30 దాకా వెళ్లవచ్చు. పగటి పూట తిరిగి రావడమే అయితే 22 చాలు. వారం రోజుల ప్రయాణాలు మీ కోరికైతే, ఇప్పటికి చిన్నది కొని, పెద్దదాన్ని ఒక వారం అద్దెకు తీసుకుని చూడండి. ఈ మాట అమ్మకపు దళారులకు నచ్చదు. వాళ్ల కమీషన్ ధరలో శాతం.

వచ్చే పాఠంలోగా మీరు చేయవలసిన పని. మీ దగ్గరి మెరీనాకు వెళ్లి 22, 27, 30 అడుగుల పడవలు ఒక్కొక్కటి చూడండి. కొనకండి, బేరం ఆడకండి. ప్రతిదానిలో పావుగంట కూర్చోండి. దాని బరువు, కీల్ లోతు, ముందు చాప వైశాల్యం అడిగి రాసుకోండి. 15 నాట్ల గాలిలో తాడు లాగుడు ఎంతో పైన చెప్పిన సూత్రంతో లెక్క కట్టండి. కాటలినా 27 కనిపిస్తే దాని చుక్కాని కర్ర పట్టుకుని, ఒంటరిగా ఉన్నట్టు ఊహించుకుని, చాప తాడు చేతికి అందుతుందో లేదో చూడండి. మీ ఇంట్లోవాళ్లను కూడా తీసుకెళ్లి, ఏ పడవలో వాళ్లు ముందుగా చెప్పులు విప్పి కాళ్లు చాపుకున్నారో గమనించి అది కూడా రాసుకోండి.

నాలుగో పాఠానికి చిన్న ప్లాస్టిక్ సుత్తి ఒకటి కావాలి. దానితో డెక్కును, అంటే పడవ పైతలాన్ని, తడుతూ, దాని లోపల పొరగా ఉండే తేలికైన బాల్సా చెక్క కుళ్లిందో లేదో చెవితో పట్టుకోవడం నేర్చుకుందాం.