పాత కారులో బ్రేక్ పోయి గుద్దుకుంటే: సొట్ట కంటే ముందు ఏం చూడాలి

పాత కారు గోడకో స్తంభానికో గుద్దుకున్నాక అందరి కళ్లూ సొట్ట మీదే ఉంటాయి. బంపర్ వంగింది, మడ్‌గార్డ్ నలిగింది, మనసు చివుక్కుమంటుంది. నిజమే. కానీ బ్రేక్ ఎందుకు పోయిందో తేలేదాకా సుత్తి పట్టుకోకండి, డబ్బాలో బ్రేక్ ఆయిల్ కూడా పోయకండి. ఆయిల్ ఎంత ఉంది, ఎక్కడ తడిసింది అన్నవే మీకున్న ఆధారాలు. కొత్త ఆయిల్ పోస్తే అవి చెరిగిపోతాయి.

నా దగ్గరున్న 1960ల నాటి కారు నెమ్మదిగా వెళ్తూ గేటు స్తంభానికి తగిలింది. డబ్బా నిండుగానే ఉంది, ఎక్కడా చుక్క కారలేదు. ఆయిల్ పైపుల్లో గాలి చేరిందనుకుని, దాన్ని బయటికి పంపే బ్లీడింగ్ రెండుసార్లు చేశాను. తప్పంతా, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పుది. లక్షణాన్ని సరిగ్గా చదివి ఉంటే ఆ రెండు రోజులూ మిగిలేవి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. 1960ల చివరిదాకా చాలా కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ఆయిల్ లైను. ఒక చోట తెగితే నాలుగూ పోతాయి, మిగిలేది హ్యాండ్ బ్రేక్ ఒక్కటే.

పెడల్ నెమ్మదిగా నేలకు దిగిపోతోంది, ఆయిల్ మాత్రం తగ్గలేదు

కారణం దాదాపుగా మాస్టర్ సిలిండరే. లోపలి కప్పు అరిగినా, సిలిండర్ గోడకు తుప్పు గుంటలు పడినా, ఆయిల్ కప్పును దాటి వెనక్కి జారిపోతుంది. చక్రాలకు అడ్డు పెట్టి, పెడల్‌ను మెత్తగా నొక్కి అర నిమిషం అలాగే ఉంచండి. గట్టిగా తొక్కితే నిలబడి, మెత్తగా నొక్కితే దిగిపోతుంటే అనుమానం అక్కర్లేదు. గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి కప్పు అంచు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది, మెత్తగా నొక్కితే అతుక్కోదు. అందుకే గ్యారేజీలో బాగున్న బ్రేక్ రోడ్డు మీద మోసం చేస్తుంది.

విప్పి లోపలి గోడను లైటు వేసి చూడండి. అద్దంలా నున్నగా ఉంటేనే కొత్త రబ్బరు కిట్ వేయండి. గోరుకు తగిలే గుంట ఉంటే కిట్ నాలుగు రోజులు కూడా ఉండదు, సిలిండర్‌కు స్లీవ్ (లోపల కొత్త గొట్టపు పొర) వేయించాలి లేదా కొత్తది తెచ్చుకోవాలి. బ్లీడింగ్ చేసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. పాత సిలిండర్‌లో కప్పు ఎప్పుడూ వెళ్లని లోతు వరకూ పెడల్ తొక్కితే, అక్కడున్న తుప్పు మీద రాసుకుని బాగున్న కప్పు కూడా చిరుగుతుంది.

పెడల్ ఒక్కసారిగా పోయింది, డబ్బా ఖాళీ

నాలుగు చక్రాల లోపలి వైపూ చూడండి. టైరు గోడ మీద తడి చార ఉంటే అక్కడి బ్రేక్ షూలను నెట్టే వీల్ సిలిండర్ కారుతోంది. వెనక చక్రం దగ్గర తడి ఉంటే వేలితో తీసి వాసన చూడండి. చిక్కగా, ఘాటైన గంధకం వాసన వస్తే అది యాక్సిల్ సీల్ దాటి వచ్చిన గేర్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ కాదు. ఏ ఆయిల్‌తో తడిసినా షూలు (చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపేవి) పనికిరావు. పెట్రోలుతో కడిగి ఆరబెట్టి మళ్లీ వేద్దామనుకోవద్దు. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. షూల మీది పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ములో దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

చక్రాలు పొడిగా ఉంటే ఇనుప పైపుల వైపు రండి. క్లిప్పుల కింద నీరు నిలిచి తుప్పు పడుతుంది. గుద్దుకున్న కారులో పైపు తెగి కనబడితే, అది దెబ్బకు తెగిందా, తెగినందుకే దెబ్బ తగిలిందా అన్నది తేల్చుకోవాలి. తెగిన అంచు తళతళలాడుతుంటే దెబ్బ వల్ల తెగింది. అంచు గోధుమ రంగులో, పల్చబడి ఉంటే ముందే కుళ్లింది. కుళ్లిందైతే మిగతా పైపులు కూడా అదే వయసువి, అన్నీ మార్చండి. రాగి-నికెల్ పైపు చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. దాని చివరలు మీ కారు ఫిట్టింగుకు తగ్గ ఫ్లేర్‌తో (విచ్చుకున్న అంచుతో) చేయించాలి. మధ్యలో నట్టు బిగించే నీటిపైపు తరహా జాయింట్లు బ్రేక్ లైనులో పెట్టనే పెట్టకండి.

ఆయిల్ తగ్గుతోంది, ఎక్కడా తడి లేదు

విడిగా బిగించిన వాక్యూమ్ సర్వో (ఇంజిన్ పీల్పుతో బ్రేక్‌కు బలం కలిపేది) ఉన్న కార్లలో ఇది కనబడుతుంది. సర్వో సీలు పోతే ఇంజిన్ వాక్యూమ్ బ్రేక్ ఆయిల్‌ను లాగేసి కాల్చేస్తుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది, జనం ఇంజిన్‌లోని హెడ్ గాస్కెట్ పోయిందనుకుని దాన్ని విప్పుతారు. సర్వోకు వెళ్లే వాక్యూమ్ పైపు ఊడదీసి, లోపల తడి ఉందేమో చూస్తే చాలు.

రెండు మూడుసార్లు కొడితే పెడల్ పైకి వస్తోంది

పైకి వచ్చాక గట్టిగా ఉంటే డ్రమ్ముకూ షూకూ మధ్య సందు పెరిగిందని అర్థం. హ్యాండ్ బ్రేక్ కేబుల్ వదులు చేసి, చక్రం పట్టేసే దాకా, షూలను డ్రమ్ము వైపు జరిపే అడ్జస్టర్ తిప్పి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగే వరకూ వెనక్కి తీయండి. పైకి వచ్చినా స్పాంజిలా ఉంటే గాలి చేరింది.

దిగుడు రోడ్డులో పోయిన బ్రేక్, చల్లారాక మామూలుగా పనిచేస్తోంది

ఆయిల్ మరిగింది. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4లో 230 నుంచి 155కి. పైపులో ఆవిరి బుడగ పుట్టిందంటే పెడల్ ఆ బుడగనే నొక్కుతుంది. పాత కార్లు తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ కాబట్టి కిలోమీటర్లు లెక్కపెట్టకుండా రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్చండి. సిలికాన్ రకమైన డాట్ 5ను డాట్ 3, 4లతో కలపకూడదు.

బండి ఒక పక్కకు లాగుతోంది, ఓ చక్రం వదలడం లేదు

రబ్బరు హోస్ పైకి బాగానే ఉన్నా లోపల ఉబ్బి మూసుకుపోతుంది. పెడల్ తొక్కితే ఆయిల్ వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు. పట్టేసిన చక్రాన్ని జాకీతో లేపి స్టాండ్ మీద నిలపండి. ముందు మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేయండి. చక్రం వదిలితే, పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెట్టే పుష్‌రాడ్‌కు ఆట లేక ఆయిల్ తిరిగి వచ్చే సన్న రంధ్రం మూసుకుపోయింది. వదలకపోతే నట్టు బిగించి, చక్రం దగ్గర బ్లీడింగ్ నిపుల్ తెరవండి. అప్పుడు వదిలితే హోస్‌దే తప్పు. అప్పటికీ వదలకపోతే సిలిండర్ పిస్టనో షూనో బిగుసుకుంది.

ఇక సొట్టల సంగతి

సొట్ట పైకి కనబడుతుంది, చాసిస్ వంపు కనబడదు. కొలత లేకుండా డెంటింగ్ మొదలుపెడితే తలుపు ఎంత సర్దినా పడదు. కారును చదునైన నేల మీద నిలబెట్టి, చాసిస్ మీద రెండు వైపులా ఒకే చోట ఉండే బోల్టు రంధ్రాల నుంచి లంబసూత్రం వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తులు పెట్టండి. కారు పక్కకు నెట్టి మూలల నుంచి మూలలకు కొలవండి. రెండు కర్ణాలూ సమానం కాకపోతే చాసిస్ పక్కకు తోసుకుపోయింది. స్టీరింగ్ నేరుగా ఉంచి ముందు, వెనక చక్రాల మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. తేడా ఉంటే సస్పెన్షన్ కానీ చాసిస్ కానీ జరిగింది. స్టీరింగ్ రాడ్లు వంగి ఉంటే వేడి చేసి వంపు తీయకండి, మార్చండి.

చాసిస్ లాగి సరిచేశాకే రేకు పని. దెబ్బ తగిలిన క్రమానికి వెనక నుంచి రండి, చివర పడిన మడత ముందు తీయాలి. అసలు సొట్టను ముందే కొడితే చుట్టూ ఉన్న మడతలు అలాగే బిగుసుకుపోతాయి. రేకు వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) పెట్టి సరిగ్గా దాని మీదే కొడితే రేకు సాగుతుంది. డాలీ పల్లం కింద, సుత్తి దెబ్బ పక్కనున్న మిట్ట మీద ఉంటే సాగకుండా లేస్తుంది. కొత్త ప్యానెల్ కంటే నలిగిన పాత ప్యానెల్‌ను నిలబెట్టడమే నాకిష్టం, ఆ కారుకు ఆ వంపులే సరిగ్గా కూర్చుంటాయి. పుట్టీ సుమారు మూడు మిల్లీమీటర్లు దాటిందంటే డెంటింగ్ పూర్తి కాలేదన్నమాట. పాత పెయింటులో, అతుకుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకండి.

వెల్డింగ్ చేసే చోట బ్రేక్ క్లీనర్ కొట్టవద్దు. క్లోరిన్ ద్రావకం ఉన్న రకానికి ఆ వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ చుట్టుపక్కల బ్రేక్ పైపులు, హోసులు ముందే ఊడదీయండి.

పెయింట్ అన్నిటికంటే చివర వేయించండి. బ్లీడింగ్ అయ్యాక, ఖాళీ మైదానంలో నడక వేగంతో పదిసార్లు ఆపి చూశాక, మర్నాడు ప్రతి జాయింటూ పొడి గుడ్డతో తుడిచి తడి లేదని తేలాక. డాట్ 3, 4 ఆయిల్ చుక్క పడితే కొత్త పెయింట్ బొబ్బలెక్కి లేచిపోతుంది. పొరపాటున పడితే రుద్దకుండా, వెంటనే ధారాళంగా నీళ్లు పోయండి.