హిమాచల్‌లో ట్రౌట్ చేపలకి గాలం వేయాలంటే: విజయవాడ, గుంటూరు నుంచి వెళ్ళేవాళ్ళకి పర్మిట్ దరఖాస్తు విధానం

ఈ పర్మిట్ మన మీసేవ కేంద్రంలోనూ దొరకదు, వార్డు సచివాలయంలోనూ దొరకదు. ఇచ్చేది హిమాచల్ ప్రదేశ్ మత్స్యశాఖ. దాని ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లో ఉంది. బందరు కాలవ గట్టు మీద గాలం వేసుకు కూర్చున్నవాణ్ణి కాగితం చూపించమని అడిగేవాళ్ళు అరుదు కాబట్టి, చేప పట్టడానికి పర్మిట్ ఏమిటని మనవాళ్ళకి వింతగా ఉంటుంది. అక్కడ ట్రౌట్ ఉండే ఏరుల్లో పర్మిట్ లేకుండా గాలపు కర్ర చేతబడితే అది నేరమే.

నిజానికి దరఖాస్తు చాలా తేలిక. చిక్కంతా తేదీ దగ్గరే. పర్మిట్ రోజు లెక్కన ఇస్తారు. మార్చి మొదట్లో నది ఎలా ఉంటుందో తెలుసుకోకుండా వారానికి సరిపడా ఒకేసారి కట్టేస్తే, అందులో సగం రోజులు గదిలో హీటరు ముందే గడిచిపోతాయి. అందుకే విధానంతో పాటు నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెబుతున్నాను.

సీజన్ ఎప్పుడు

హిమాచల్ ట్రౌట్ నదుల్లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేట నిషేధం. మార్చి 1న తెరుస్తారు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలు కట్టేసి ఉంచేది దేనికో, అక్కడి నిషేధం కూడా అందుకే. బ్రౌన్ ట్రౌట్ శీతాకాలం మొదట్లో ఏటి అడుగున గులకరాళ్ళలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. నీళ్ళు చల్లగా ఉండటం వల్ల అవి పిల్లలవడానికి నెలలు పడుతుంది. మార్చిలో ఇంకా రాళ్ళ సందుల్లోనే ఉన్న పిల్లలు ఉంటాయి. కాబట్టి తెరిచిన కొత్తలో లోతు తక్కువ గులక మేటల మీద బూట్లతో నడవకండి. పర్మిట్ మీద రాసి లేకపోయినా పాటించాల్సిన నియమం ఇది.

ఈ చేప మన దేశానిది కాదు. 1900 ప్రాంతంలో కాశ్మీర్‌కి, 1909లో కులూకి తెల్లవాళ్ళు తెచ్చి వదిలారు. తర్వాత నార్వే సాయంతో కులూ దగ్గర పట్లీకుహల్‌లో పెంపకం పెద్దయెత్తున సాగింది.

మార్చి నీళ్ళు ఎలా ఉంటాయి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట కృష్ణ ఒడ్డున చెల్లుతుంది, హిమాచల్‌లోని తీర్థన్ నది ఒడ్డున చెల్లదు. ఇక్కడ ఫ్యాన్ అయిదో నంబరులో పెట్టే రోజుల్లో అక్కడ పొద్దున్నే ఏటి నీళ్ళు అయిదారు డిగ్రీలకి మించవు. అంత చలిలో ట్రౌట్ అడుగునే కదలకుండా పడి ఉంటుంది, ఎర కోసం దూరం రాదు. నీళ్ళు పది డిగ్రీలకి చేరువైతే గానీ దానికి ఆకలి సరిగ్గా పుట్టదు. అందుకే మార్చిలో తెల్లవారుజామున లేచి వెళ్ళడం వృథా. పదకొండు నుంచి మూడు దాకా, ఎండ నీళ్ళ మీద పడే వేళే వేట.

ఏప్రిల్ ఆఖరుకి ఈ లెక్క తిరగబడుతుంది. పైన మంచు మధ్యాహ్నపు ఎండకి కరిగి సాయంత్రానికి నది పెరుగుతుంది, నీళ్ళు పాలరంగులోకి మారతాయి. రాత్రి చలికి కరగడం తగ్గి పొద్దుటికి మళ్ళీ తేరుకుంటాయి. అప్పుడు పొద్దున పూటే నయం. మే, జూన్‌లలో బియాస్ నది బూడిదరంగుతో నిండుగా పారుతుంది. తీర్థన్ లాంటి ఉపనదులు దానికన్నా తేటగా ఉంటాయి. జులై నుంచి వానలు, వరదలు. సెప్టెంబర్ చివర మళ్ళీ మంచి రోజులు వస్తాయి.

ఇంకో చిక్కు: తేదీ అన్ని నదులకీ ఒకటే అయినా ఎత్తు ఒకటి కాదు. కిన్నౌర్‌లో బాస్పా నది పక్కనున్న సాంగ్లా దాదాపు 2,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మార్చి 1న చట్టప్రకారం తెరిచినా ఒడ్డు మీద మంచే ఉంటుంది. బరోట్ దగ్గర ఊహ్ల్ నది కూడా ఆలస్యంగానే వేడెక్కుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు లార్జీ నుంచి గుశైనీ దాకా ఉన్న తీర్థన్‌ని ఎంచుకోవడం మేలు. పశ్చిమం నుంచి వచ్చే మార్చి వానలు ఒక్క రాత్రిలో ఏరుని బురద చేయగలవు, ఆ మర్నాడు కర్ర బయటికి తీయనక్కర్లేదు.

కాగితాలు

ఆధార్ అసలు, రెండు జిరాక్స్‌లు, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఉంటున్న హోటల్ లేదా హోంస్టే పేరు. ఇంతకు మించి మోసుకెళ్ళక్కర్లేదు. ఫారంలో పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా, ఏ నదిలో, ఏ తేదీల్లో, ఎన్ని కర్రలతో అన్నవి నింపాల్సి ఉంటుంది. ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టుకోవడం మనవాళ్ళ అలవాటు. అక్కడ మాత్రం ఆధార్‌లో ఎలా ఉంటే అలా, ఇంటిపేరు పూర్తిగా రాయండి. నది ఒడ్డున మత్స్యశాఖ వాచర్, అంటే కాపలా మనిషి, వచ్చి పర్మిట్‌నీ కార్డునీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. పొడి అక్షరాల కథ అతనికి హిందీలో వివరించడం మహా ప్రయాస.

రుసుము చాలాకాలంగా మనిషికి రోజుకి 100 రూపాయల స్థాయిలో ఉంది. వెళ్ళిన రోజు రసీదు మీద ఎంత రాస్తే అంతే కట్టండి, రసీదు లేకుండా ఎవరి చేతిలోనూ పెట్టకండి. లోయలో సిగ్నల్ నమ్మలేం, ఫోన్‌పే మీద ఆధారపడకుండా చిల్లర నోట్లు ఉంచుకోండి.

ఎక్కడ ఇస్తారు, ఎలా చేరాలి

విజయవాడ జంక్షన్ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో, తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లోనో ఢిల్లీ. అక్కడ కశ్మీరీ గేట్ బస్టాండు నుంచి రాత్రి మనాలీ బస్సు. మండీ దాటాక ఔట్ దగ్గర దిగాలి. అక్కణ్ణుంచి బంజార్ దారిలో లార్జీ, ఆపైన గుశైనీ. గన్నవరం నుంచి విమానమైతే కర్రనీ కొక్కేలనీ చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. నాలుగు ముక్కలుగా విడిపోయే కర్ర తీసుకుంటే రైలు బెర్తు కింద కూడా పడుతుంది.

తీర్థన్‌కి పర్మిట్ ఆ లోయలోని మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి. ముందురోజు సాయంత్రం హోంస్టే యజమానికి చెబితే ఎక్కడికి, ఎన్నింటికి వెళ్ళాలో ఆయనే చెబుతాడు. చాలామంది తామే వెంట వస్తారు కూడా. మొదట ఒకటి రెండు రోజులకే తీసుకోండి. నీళ్ళు బాగుంటే మూడోరోజు పొద్దున మళ్ళీ వెళ్ళి పొడిగించుకోండి. ఆ తిరుగుడు విసుగనిపించినా డబ్బు మిగిలేది అందులోనే.

కార్యాలయానికి ఆదివారం సెలవు. హోలీ రోజూ, ఏప్రిల్ 15న హిమాచల్ డే నాడూ కూడా పని జరగదు. శివరాత్రి ఫిబ్రవరి చివరో మార్చి మొదట్లోనో వచ్చిన ఏడాది మండీలో వారం పాటు జాతర ఉంటుంది, బస్సులూ గదులూ అంత సులువుగా దొరకవు. ఉగాది సెలవులకి వెళ్ళేవాళ్ళకి ఈ రద్దీ ఉండదు, నీళ్ళు కూడా అప్పటికి కాస్త వెచ్చబడతాయి. నన్నడిగితే మార్చి 1 మీద మోజు వదిలేసి ఉగాదికి వెళ్ళమంటాను.

గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో నడవడానికి తీసుకునే అనుమతి వేరు, ఈ పర్మిట్ వేరు. ఒకటి చేతిలో ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

పర్మిట్ చేతికొచ్చాక

రోజుకి ఎన్ని చేపలు, కనీసం ఎంత పొడవు అన్నది చదివి ఫోనులో ఫోటో తీసుకోండి. పర్మిట్ కర్ర, దారంతో వేటకే, వలకి కాదు. మైదా ముద్దలూ వానపాములూ ఇంట్లోనే వదిలేయండి. వాటి బదులు వాడేది ఫ్లై. ఫ్లై అంటే ఈకలు, బొచ్చు, దారం చుట్టి కొక్కేనికి కట్టిన ఉత్తుత్తి పురుగు. దానికి బరువుండదు కాబట్టి దూరం విసిరేది దారం బరువే. మార్చిలో పైన తేలే ఫ్లైల కన్నా తలకి చిన్న ఇత్తడి పూస ఉన్న నింఫ్ రకం పనికొస్తుంది, అది చేప ఉన్న అడుగుకే దిగుతుంది. కొక్కెం సైజులో 12 నుంచి 16 నంబర్లు చాలు. ముల్లు నొక్కేసిన కొక్కెమైతే చిన్న చేపని పెద్ద గాయం లేకుండా వదిలేయొచ్చు.

లార్జీ ఆనకట్ట దిగువన బియాస్‌లోకి మాత్రం దిగవద్దు. 2014 జూన్ 8న అక్కడికి దగ్గర్లోనే, తలౌట్ వద్ద, ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళకి హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు.

సరస్సుల్లో వేయాలనుకుంటే

అది కాశ్మీర్ పని. అక్కడ సీజన్ ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబర్‌తో ముగుస్తుంది. నదిని బీట్లుగా విడగొట్టి ఏ బీటుకి ఆ బీటు పర్మిట్ ఇస్తారు. విశన్‌సర్, గంగాబల్ లాంటి ఎత్తైన సరస్సుల్లో బ్రౌన్ ట్రౌట్ ఉంది గానీ జూన్ దాకా మంచుగడ్డే. కనుమలు నడవడానికి వీలయ్యేది జులై ప్రాంతంలో. కాబట్టి వాటికి వేసవి సెలవులకి టికెట్లు కొనేయకుండా, దారి తెరిచారని శ్రీనగర్‌లో కనుక్కున్నాకే మత్స్యశాఖ దగ్గరికి వెళ్ళండి.